తొడిమలు

మొదటి ఏడాది మెస్‌లో
సువార్తని ర్యాంకు అడిగింది నేనే.
చెప్పింది. సాంబారు వడ్డించుకుంది.
ఆ అంకెని ఐదేళ్లు నేను మోశాను,
తను మర్చిపోయింది.

ఈ మార్చిలో, గుంటూరు పెద్దాసుపత్రి ఓపీలో
నూట నలభయ్యో చీటీ దీనమ్మది.
"మంటయ్యా" అంది, రొమ్ము మీద చెయ్యేసి.
మూడోసారి రావడం.
వచ్చినప్పుడల్లా గ్యాసు బిళ్లలు రాసింది నేనే,
తలెత్తకుండా,
మంటని పుస్తకంలో ఉన్న చోటే వెతికి.

పక్క కుర్చీలోంచి సువార్త
స్టెతస్కోపు తీయలేదు. చేతులు చూసింది.
గోళ్ల సందుల్లో ఎరుపు.
"ఏ కోల్డ్ స్టోరేజీ పెద్దమ్మా?
తేజ కాయా, బాడిగా?
ముక్కుకి గుడ్డ కడితే
మేస్త్రీ కేకలేస్తాడా?"

దీనమ్మ కూర్చుంది.
రెండుసార్లూ నిలబడే చెప్పి వెళ్లిన మనిషి
రాత్రిళ్లు ఆయాసం, కిలోల లెక్కన కూలి,
తొడిమలు తీసే చోటే గోతాం మీద పడుకునే
మనవరాలి దగ్గు,
ముందూ వెనకా లేకుండా చెప్పుకుపోయింది.
వెనక లైను గొణిగింది.

ఊపిరి ఊదించాం. సగం కూడా లేదు.

టీ బడ్డీ దగ్గర అడిగాను, ఎలా తెలిసిందని.
"మా అమ్మ చీరలు నేనేగా ఉతికింది," అంది,
"ఆ నీళ్లకి మోచేతుల దాకా మండేది."
బిస్కెట్ ముంచింది, విరిగి గ్లాసులో పడింది,
వేలుతో తీస్తూ నవ్వింది.

గురువారం మనవరాలినీ తెమ్మన్నాం.
దీనమ్మ నన్నేమీ అనలేదు గానీ
చీటీ వెనక్కి తిప్పి
ఒక్క పేరే రాయించుకుని వెళ్లింది.
నా పెన్నుతోనే.