వాన పడితే తప్ప

కిసుము కోర్టులో నేను దుబాసీని.
పదిహేడేళ్ళుగా నా నోరు నాది కాదు.
జడ్జి మాట ఇటు, బోనులో మాట అటు
మోసి మోసి, పొద్దుగూకితే
ఖాళీ బిందెలా ఇల్లు చేరతాను.

ఆ ఉదయం అపోండి వచ్చింది.
చీరిన గోనెసంచిలా ఒంటినిండా
ఎండు ఒమేనా వాసన.
గుమస్తా లేచి కిటికీ తెరిచాడు.
ఆమె చూసింది. ఏమీ అనలేదు.

వరండా బల్ల మీద కూర్చుని
కాగితం నా ఒళ్ళో పెట్టింది.
"ఇందులో నేనెవరిని?"

పిటిషనర్‌వి.
"అడుక్కునేదాన్నా?"
కాదు, అడిగేదానివి.
"అతను?"
ప్రతివాది. బదులు చెప్పవలసినవాడు.
పళ్ళసందు కనబడేలా నవ్వింది.
"ఇరవై రెండేళ్ళలో ఒక్కదానికి చెప్పలేదు,
మీకు చెబుతాడా?"

చెప్పలేదు.
సమన్లు పట్టుకెళ్తే ఓగుటు పడవలో ఉన్నాడన్నారు.
మళ్ళీ వెళ్తే పడవ ఎక్కడుందో తెలీదన్నారు.
మూడోసారి బంట్రోతు తలుపుకి అంటించి వచ్చాడు.
దాన్నీ అందజేయడమే అంటారు తల్లీ,
చేతికి అందకపోయినా.

కస్టడీ అనగానే కంగారుపడింది:
"పిల్లని లాకప్‌లో పెడతారా?"
కాదు కాదు, ఎవరి దగ్గర పడుకుని లేస్తుందో అది.
"ఎప్పుడూ నా దగ్గరే కదా.
దానికింత భయపెట్టే మాట ఎందుకు?"

క్రూరత్వం దగ్గర చాలాసేపు ఆగాం.
"కొట్టలేదు. అబద్ధం రాయొద్దు.
పదకొండేళ్ళుగా నన్ను పేరుపెట్టి పిలవలేదు, అంతే.
పడవకి మాత్రం పేరుంది, ఏటా రంగు వేయిస్తాడు."
వకీలమ్మ మొరా పెన్ను చివర కొరికి,
కోలుకోలేనంతగా చెడిన కాపురం అని రాసింది.
మా మాటల్లోకి తిప్పేసరికి అది
మరమ్మతుకు లొంగని పడవ అయింది.
అపోండి తల ఊపింది.
"ఇది ముందే చెప్పి ఉంటే
ఇంతసేపు పట్టేది కాదు."

ఆస్తి దావా వేరే. నంబరు వేరే, వాయిదా వేరే.
పడవ మీద నీ వాటా ఏంటంటే
రసీదు లేదు, సంతకం లేదు.
"దీపాల్లో కిరసనాయిలు నేను పోశాను.
రోజూ. చేపలమ్మిన డబ్బుతో.
వెలుగు చూసే కదా ఒమేనా పైకొచ్చేది.
ఆ వెలుగు ఎవరిది?"

నేను వకీలమ్మ వైపు తిరిగి,
పరోక్ష సహకారం, అన్నాను.
రెండు మాటలు. రెంటిలోనూ
చుక్క కిరసనాయిలు లేదు.
మొరా పెన్ను కింద పెట్టింది.
"ఆమె అన్నది అన్నట్టు చెప్పండి."
చెప్పాను. పదిహేడేళ్ళలో మొదటిసారి
నా గొంతు వణికింది, ఎందుకో.

తీర్పు రోజున ఇచ్చింది డిక్రీ నైసై.
విడాకులొచ్చాయి, కానీ రాలేదు.
ముప్పై రోజుల్లో ఎవరైనా
తగిన అడ్డు చెబితే తప్ప, ఆ తర్వాతే ఖాయం.
"ఈ ముప్పై రోజులూ నేనెవరిని?"

దుబాసీకి మాట దొరకని రోజులు కొన్ని ఉంటాయి.
గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను.
ఆమే చెప్పింది చివరికి:
"ఒడ్డున వలల మీద పరిచిన ఒమేనా.
నీళ్ళలోది కాదు, ఇంకా ఎండనూ లేదు.
రేపటికి బస్తాకెక్కుతుంది,
వాన పడితే తప్ప."

అప్పట్నుంచీ ఎవరడిగినా నేనదే చెబుతున్నాను,
ఆమె పేరు చెప్పకుండా.

ఇరవయ్యారో రాత్రి సరస్సు మీద వాన దంచింది.
తెల్లారేసరికి అపోండి మెట్ల మీద ఉంది,
మోకాళ్ళ దాకా బురద.
"డిక్రీ తడిసిందా?"
లేదు, ఎవరూ రాలేదు, భద్రంగా ఉంది.

"అయితే చేపలే పోయాయి"
అని కొంగు పిండుకుని
మార్కెట్ వైపు నడిచింది.