లోగ్రేడు

ముప్పైరెండేళ్లు పొగాకు ఏరాను.
చేతిలోకి తీసుకోకముందే చెప్తాను
ఇది మేలు రకం, ఇది మీడియం,
ఇది లోగ్రేడు, అటు విసిరెయ్యి.
"మాలకొండమ్మా, నీ ముక్కుకి వేరే కూలి ఇయ్యాల"
అనేవాడు మేస్త్రీ, కందుకూరు షెడ్డులో.
ఇచ్చింది మాత్రం
అందరికీ ఇచ్చినంతే.

తెల్లారి అయిదింటికి ఫ్లాస్కు మూత తీస్తే
సగం చికోరీ, సగం నమ్మకం.
ఆకు జిగురు పట్టిన వేళ్లతో గ్లాసు పట్టుకుంటే
వదలమన్నా వదిలేది కాదు.
ఆ చేదు కాఫీదో, చేతులదో
ఎప్పుడూ విడదీసి చూళ్లేదు.

గుండె దడ అని పోతే
డాక్టరమ్మ కాయితం మీద రెండు గీతలు గీసింది:
కాఫీ మానెయ్, షెడ్డు మానెయ్.
రెంట్లో ఒకటి చెప్పమ్మా, అన్నాను,
రెండోదే నాకు అన్నం పెట్టేది.

మానిన వారం తల
బిగించి కట్టిన బేలు.
ఎవరి గడప ముందు నడిచినా
ముక్కు నాకంటే ముందు లోపలికి పోయేది.
సంతలో ఎవరో జొన్న కాఫీ అంటే తెచ్చుకున్నాను.
మాడిన రొట్టె కడిగిన నీళ్లు.
కాఫీ కాదది,
కాఫీకి తోడికోడలు.
వారంలో నాలుగు రోజులు తాగాను, పోట్లాడుతూనే.

అప్పుడొచ్చింది ఖాజాబీ,
నా పక్క చాప మీద పదేళ్లుగా ఆకు ఏరే మనిషి,
పాలకవరు నిండా ఖర్జూరం గింజలతో.
రంజాన్ నెలంతా ఉపవాసం విడిచిన గింజలు,
ఇంటిల్లిపాదివీ,
మిద్దె మీద గోనెపట్టాలో ఎండినవి.
"పారేసేవే గదక్కా, చూద్దాం రా" అంది.

మంగలంలో వేస్తే మొదట ఏమీ లేదు.
ఉత్త కట్టె వాసన.
తర్వాత ఒకటి టప్‌మంది.
తర్వాత గది రంగు మారినట్టయింది.
పిండిమర పేరయ్య దండం పెట్టాడు,
"నా రాళ్లు పోతాయి తల్లే, వేరే మర చూసుకోండి."
రోట్లో దంచాం, ఇద్దరం, ఒకరి రోకలి తప్పించి ఒకరం,
ఎప్పుడో మానేసిన పాతకాలపు పని.

పాలు పోసి, తాటిబెల్లం కలిపి, నోట్లో పెట్టుకుంటే
నా ముక్కుకి మాట రాలేదు.
గ్రేడు చెప్పక్కా, అంటది ఖాజాబీ.
ఉండవే, అంటాను.

నా తమ్ముడి కొడుకు మాల్యాద్రి లారీ తోలతాడు.
అరకు పోయొస్తూ ఒక పొట్లం తెచ్చాడు.
మందు కొట్టని తోటదంట, ఎరువు పేడేనంట.
మందు కొట్టని ఆకు
నేను పుట్టినకాడ్నించీ చూళ్లేదురా, అన్నాను.
తాగొద్దన్నారు గాని
వాసన చూడొద్దనలేదు గదా.
రోజూ పొద్దున్నే పొట్లం విప్పి
ఒక్క ఊపిరి లోపలికి తీసుకుని
మళ్లీ రబ్బరుబ్యాండు వేస్తాను.
పొట్లం తరగదు. అదొక్కటే బాధ, అదొక్కటే లాభం.

మొన్న తుపాను రాత్రి కరెంటు పోయింది, పాలబండి రాలేదు.
ఏలూరు పక్క తోటల్నించి వాడు తెచ్చిన
గుప్పెడు కోకో గింజలు పెనం మీద వేయించి,
పొట్టు ఊది, బెల్లంతో నూరి, వేన్నీళ్లలో చిలికాం.
ఖాజాబీ మనవరాలు రిజ్వానా
గ్లాసు ఎత్తి దించేసరికి మీసం మొలిచింది.
బయట రేకులు ఎగిరిపోతన్నాయి,
లోపల ఆ పిల్ల
"ఇంకొంచెం" అంటంది.
నేను రెండే గుక్కలు. డాక్టరమ్మకి చెప్పలేదు.

ఇప్పుడు షెడ్డుకి తీసుకుపోయే ఫ్లాస్కులో గింజల కాఫీయే.
మేస్త్రీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు,
"ఏందిది?"
లోగ్రేడు, అన్నాను, అటు విసిరెయ్యమాక, ఇటియ్యి.

డబ్బాలో మూడు వేళ్ల లోతు మిగిలింది.
రంజాన్‌కి ఇంకా మూణ్ణెల్లు.
చెంచా తలగొట్టి వేస్తా ఉంటే
ఖాజాబీ చూసి నవ్వింది.
"ఈసారి సాయంత్రాలు మా ఇంటికొచ్చెయ్యి అక్కా,
నువ్వు గూడా నాలుగు పండ్లు తింటే
గింజలు పెరుగుతాయి."