ఇనుము దాటాక

సి షిఫ్టు దిగి కూర్మన్నపాలెంలో బస్సెక్కాను.
చొక్కా మడతల్లో ఎర్రటి రజను.
రాత్రంతా నా పని ఒక్కటే:
కొలిమి నోట్లోంచి తెచ్చిన బిళ్ళకి
నిప్పురవ్వ తగిలించి, ఆ వెలుగుని చీల్చి
గంధకమెంత, భాస్వరమెంత అని రాయడం.
చుక్కల్నీ ఇలాగే చదువుతారట,
బిళ్ళ అడక్కుండా.

కురుపాం మార్కెట్ సందులో ఇంకా షట్టర్లు లేవలేదు.
కంసాలి కొట్ల ముందు కాలవ గట్టున
పైడమ్మ రేకు పళ్ళెంలో బురద కడుగుతోంది.
పేరులో తప్ప ఒంటిమీద ఎక్కడా పైడి లేదు,
చెవి తూట్లలో చీపురుపుల్లలు.
బురద పల్చబడ్డాక, సీసా మూత తీసి
ఒక్క పాదరసం చుక్క జార్చింది.
మూలకాల పట్టికలో బంగారానికి పక్కిల్లే అది.
వెతుక్కుంటూ పళ్ళెమంతా దొర్లింది.

మాకు ఇనుమంటే జీతం, బోనసు, క్వార్టరు.
నక్షత్రానికి ఇనుమంటే ఆఖరి బూడిద.
కోటేళ్ళు మండిన పెద్ద చుక్క
చివరికి మిగిలిన సిలికాన్ని
ఒక్క రోజులో ఇనుము చేసేస్తుంది.
ఎ, బి, సి. మూడే షిఫ్టులు.
ఆ తర్వాత ఎంత ఊదినా అంటుకోదు.
భూమంత గుండె
ఈ యారాడ కొండకీ భీమిలికీ మధ్య పట్టేంత ముద్దై
రెప్పపాటులో కూలిపోతుంది.
ఆ చప్పుడుని మోయడానికి అక్కడ గాలి లేదు.

అప్పుడు వాన.
హుద్‌హుద్ పూట మా కిటికీ సందుల్లోంచి
అడ్డంగా కొట్టిన వానలాంటిది, న్యూట్రాన్లది.
ఒకటి మింగి కుదురుకునేలోగా ఇంకొకటి,
ఇంకొకటి, ఊపిరాడనివ్వకుండా.
ఇనుము ఇనుముగా ఉండలేక
ఎటో ఒకటు బరువెక్కుతూ పోతుంది:
ఉప్పులో కలిపే అయోడిన్,
వెండి, ప్లాటినం,
ఈ సందులో తూకానికొచ్చేది.

కాదు, చచ్చిన చుక్కలు రెండు గుద్దుకుంటేనే
అంత బంగారం పుడుతుందంటారు ఇంకొందరు.
లెక్క తేలలేదు.
మా ల్యాబ్‌లో అయితే
"మళ్ళీ నమూనా పంపండి" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి.

"ఏటి బాబూ, అలా సూత్తన్నావు?"
"ఇది ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా, పైడమ్మా?"
"తెలవకేటి. సన్నేసాచారి కొట్టుది.
నిన్న నానుతాడు అరగదీసినాడు.
నీ సొక్కా కూడా దులుపు, ఏటైనా రాల్తాదేమో."
దులిపాను. ఇనుమే రాలింది.
నవ్వింది, ముందు పళ్ళు రెండు లేవు.

హార్బర్‌లో ఓడ కూత.
గరిటెలో పాదరసం పొగై పోయాక
అడుగున మిగిలినదాన్ని
చూపుడువేలి గోటి మీదికి ఎత్తింది.
ఆవగింజలో పావొంతు లేదు.
చూద్దామని వంగాను.

"ఊపిరి వదలకు బాబూ,
ఎగిరిపోద్ది."

బిగబట్టుకుని నిలబడ్డాను.