మూడువందల యాభైలో ఒక వంతు

రాయగడ పాసింజరు దిగేసరికి పదిన్నర.
జేబులో చీటీ: జిగురు, సన్న కుంచెలు రెండు, నలుపు రంగు.
కింద మా ఆవిడ చేతిరాత: జీడిపప్పు, అరకేజీ.
పళ్ళసెట్లు చేసుకునేవాడికి పడవల పిచ్చేమిటని
ఆమె ఇప్పుడు అడగడం మానేసింది.

పార్వతీపురంలో, మందుల షాపు వెనక గదిలో
పగలంతా ఎవరెవరి చిగుళ్ళకో మైనం అచ్చులు,
రాత్రి అదే కత్తి, అదే దీపం,
బొటనవేలంత విమానాలకి రెక్కలు.
నేను ఏ యుద్ధమూ చూడలేదు.
పాదాలు చదునని ఎన్.సి.సి. లోకే రానివ్వలేదు.

బీచి రోడ్డులో, సముద్రానికి కూతవేటు దూరంలో
ఇసక మీద జలాంతర్గామి.
అల వచ్చి దాని దాకా రాకుండానే
వెనక్కి పోతోంది.
మేనల్లుడు తవుడికి రోడ్డుకి అవతలున్న విమానం కావాలి,
దాని పక్కన అమ్ముతున్న ముంతమసాలా ఇంకా కావాలి.
"ముందు ఇది," అన్నాను.
"ఇది ఎగరదు గదా మావయ్యా!"

గుండ్రటి తలుపు. ముందు కాలు, తర్వాత నడుం,
ఆఖర్న తల.
నేను తల ముందు పెట్టాను.
నుదురు నిమురుకుంటుంటే ఒకాయన నవ్వాడు.
పాత నావికుడు, దాలినాయుడు,
ఇప్పుడు అందరికీ ఈ గొట్టాన్ని చూపించడం ఆయన పని.
"నాకూ మొదటిరోజు అక్కడే తగిలింది."

ఎన్ని కవాటాలు, ఎన్ని ముళ్ళ గడియారాలు!
జానతో కొలుస్తూ, పెదాలతో లెక్కపెడుతూ నేను.
వెనక ఎవరో సెల్ఫీ కోసం ఊపిరి బిగబట్టారు.
దాలినాయుడు ఒక ఇనుప మంచం మీద చెయ్యి వేశాడు,
పశువు వీపు మీద వేసినట్టు.
"ఇది నాదీ, ఇంకొకడిదీ.
వాడు లేస్తే నేను, నేను లేస్తే వాడు.
పరుపు చల్లారేది కాదండి."
కాస్త ఆగి,
"వాడి గురకెలా ఉంటుందో మట్టుకు నాకు తెలీదు."

బయటికొచ్చాక తవుడు చూడకుండా
ఇనుప ఒంటి మీద పెచ్చు లేచిన చోట
గోరుతో ఒక్క రవ్వ గీరాను.
తప్పే.

డాబాగార్డెన్స్‌లో, జాకెట్టు గుడ్డల కొట్టు పైన
లోకనాథ పాత్రో గారి దుకాణం.
మెట్లెక్కుతుంటేనే జిగురు వాసన, నాకది సాంబ్రాణి.
నలుపు అడిగితే ఆరు సీసాలు పెట్టి
"ఏ నలుపు?" అన్నాడాయన.
గోరు చూపించాను.
కళ్ళజోడు పైకి నెట్టి, వేలు దీపానికి దగ్గరగా లాక్కుని
చాలాసేపు చూశాడు.
ఎక్కడిదని అడగలేదు. నాలుగో సీసా జరిపాడు.
అట్టపెట్టె మీద అదే జలాంతర్గామి,
అసలుదానిలో మూడువందల యాభయ్యో వంతు.
జీడిపప్పు డబ్బులు అక్కడే అయిపోయాయి.

విమానం మూసే వేళకి చేరాం.
తవుడు మూడు స్టేషన్ల దాకా మాట్లాడలేదు.

ఇంట్లో, వారం తర్వాత.
ఎడమ సగం, కుడి సగం. రెండూ డొల్ల.
ఇన్నేళ్ళుగా అన్నీ ఇలాగే అతికించాను,
లోపలేముందని ఏనాడూ తొంగిచూడకుండా.
జిగురు రాసి, మూయబోయి ఆగాను.
కాగితం మీద భాగహారం చేశాను:
పడుకున్న మనిషి ఈ కొలతలో
ఐదు మిల్లీమీటర్లు, చిల్లర తక్కువ.
వంటింట్లోకి వెళ్ళి
డబ్బాలోంచి ఒక బియ్యపుగింజ తెచ్చాను.
గుడ్డిదీపం వెలుగులో మా ఆవిడ చూసింది,
ఏమీ అనలేదు.

పొద్దున్న తవుడొచ్చి, రంగు ఆరకముందే
రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర ఊపాడు.
"మావయ్యా, లోపల ఏదో ఊడిపోయింది."

"ఊడలేదురా. మెల్లిగా దింపు."