గాలి ఎటు

కుతాయిసిలో మిట్టమధ్యాహ్నం.
నుగ్జార్ టాక్సీ నోరు తెరుచుకుని ఉంది.
కొత్త ఫ్యాను కంపెనీది కాదు, సవతి సరుకు:
నాలుగు చెవుల్లో రెండే కుదిరాయి,
మిగతా రెంటికీ లేలా తీగ చుట్టింది.

బ్యాటరీకి తగిలించగానే గిర్రున తిరిగింది.
"అయిపోయినట్టేగా" అన్నాడు, పర్సు తడుముకుంటూ.
"ఆగు."
జేబులోంచి కట్టని గ్యాసు బిల్లు తీసి
రేడియేటరు ముందు పట్టింది.
అది ఎగిరొచ్చి ఆమె మొహానే కొట్టింది.

ఈ సరుకులో నల్లతీగ నల్లది కాదు.
అటుదిటు, ఇటుదటు.
బిల్లు జాలీకి జలగలా అంటుకుంది.

ఇక ఇంజను కాగాలి.
ముల్లు తొంభై.
తొంభై అయిదు.
నుగ్జార్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో బూతో.

టక్.

గాలి!

జాలీ మీది కాగితం తనే ఒలిచాడు,
అందులో అంకె చూశాడు,
బేరమాడకుండా
అంతా లెక్కపెట్టాడు.