తాళం వేయాలా

ఫోను మూడోసారి అరిచింది.
ఎవియా దీవి మీద ప్రతి జేబులోనూ అదే అరుపు:
వెంటనే ఖాళీ చేయండి, తీరానికి చేరండి.
పడవ సాయంత్రం దాకా ఆగుతుందట.

స్తాథిస్ ఇంటి కప్పు మీద ఉన్నాడు.
తూముల్లో పాత చొక్కాలు కుక్కి
చూరు కాలువల నిండా నీళ్ళు పోస్తున్నాడు.
నలభై ఏళ్ళు పైన్ చెట్లకు గాట్లు పెట్టి
బంక తీసిన చేతులు.
ఏ చెట్టు ఎంతసేపట్లో అంటుకుంటుందో ఆయనకి తెలుసు.
అందుకే మాట్లాడడం లేదు.

నేను సర్దుతున్నాను.
బీపీ మాత్రలు, పొలం కాగితాలు,
ఎందుకో ఒక గరిటె.
మేకల్ని విప్పేశాను. అవి గేటు దాకా వెళ్ళి
నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాయి,
నాకేదో తెలిసినట్టు.

పక్కింటి కలియోపి కారులోంచి తల బయటపెట్టి
"తాళం వేయకు, మంటలార్పేవాళ్ళు లోపలికి రావాలి" అంది.
అరవై రెండేళ్ళొచ్చాయి,
తాళం వేయకుండా ఊరు దాటింది లేదు.

మూడింటికే సూర్యుడు రాగిచెంబు అడుగులా ఉన్నాడు.
బట్టల తీగ మీద బూడిద.
చిత్రం, అది చల్లగా ఉంది.

మంటంటే నాకంత భయం లేదు, స్తాథిస్.
ఉండిపోతే ఇల్లు మిగులుతుందన్న నీ మాట
నిజమవుతుందేమోనని భయం.
వచ్చే ఏడు మళ్ళీ ఉండిపోతావు.

పైకి వినిపించేలా అన్నానో లేదో.

తాళంచెవి తలుపుకే వదిలేసి
మెట్టు మీద కూర్చున్నాను.
ఒక చెప్పు తొడుక్కున్నాను.
కింద పడవ కూత.
పైన బకెట్టు చప్పుడు ఆగింది.