వాపసు కిరాయి

కోరుట్ల బస్టాండు ముంగట నా టవేరా.
శంషాబాదుకు ఐదు గంటలు,
సిద్దిపేటల చాయ తాగితే ఐదుంబావు.
పద్దెనిమిదేండ్ల సంది గిదే తొవ్వ.
రెండు బండ్లు అరిగినయి,
నేను మాత్రం ఆ అద్దాల తలుపు దాటలే.

ఆడికెళ్లి అవతలి లెక్క మంది చెప్పంగ విన్నదే:
మస్కట్ మూడు గంటలు, దుబాయ్ నాలుగు,
కువైట్ ఐదుకు జరంత తక్వ.
"గంతేనా?" అన్న మొదట్ల.
మెట్‌పల్లిల మా అక్కింటికి పోయి రావాల్నన్నా
బస్సు దొరక్కపోతే గంత సేపైతది.

దిగంగనే గడియారం ఎన్కకు తిప్పుకుంటరట.
గంటన్నర మిగులుతదట మస్కట్ల.
మిగిలిన ఆ గంటన్నర ఏం జేసిండ్రో
ఒక్కలు సుత చెప్పలే.

మొన్న ఐతారం
అయిలాపూర్ల ఎక్కింది గంగజల.
కువైటుకు, ఇండ్లల్ల పనికి.
పెట్టెకు పచ్చ నవారు, దాని మీద మార్కరుతోని పేరు.
"అన్నా, మా ఆయన గుడ గీ రాత్రే దిగుతుండు
మస్కట్ కెళ్లి. నీ బండిలనే తోల్కరా."
ఆయన కంపెనీ మూసిండ్రు, ఈమె వీసా వచ్చింది,
తారీఖు మార్సనన్నడు ఏజెంటు.
అబద్ధమెందుకు, నాకైతే సంబురమే అయింది:
వాపసు ఖాళీ బండి తోలుడు తప్పిందని.

దుద్దెడ టోలు కాడ టైమడిగింది.
ప్రజ్ఞాపూర్ల అడిగింది.
రింగురోడ్డెక్కినంక అడుగలే.

ఆమెది రెండు నలభైకి లేస్తది.
ఆయనది మూడింటికి దిగుతది.
మీది అంతస్తుకెళ్లి కింది అంతస్తుకు
ఎన్ని గంటలో
టికెట్ మీద రాసి లేదు.

ర్యాంపు మీద దింపిన. పెట్టె అందిచ్చిన.
సీటు మీద సర్వపిండి మూట ఉండిపోయింది.
మర్సిందో, పెట్టిపోయిందో.

ఆకాశంల ఇద్దరు ఎదురుపడ్డరా అంటే
నాకెట్ల తెలుస్తది,
ఆడ డివైడరుంటదో ఏమో.
నేనైతే రాత్రిపూట తెలిసిన బండి ఎదురొస్తే
ఒక్కసారి డిప్పర్ కొడుత.

రాజలింగం బయటికొచ్చేసరికి నాలుగున్నర.
ఆమె ఫోన్ల చూపిన ఫోటో కంటే బక్కగున్నడు.
ఆమె కూసున్న కిటికీ దిక్కే కూసుండు.
అద్దం సగం దించే ఉంది. ఎక్కియ్యలే.
శామీర్‌పేట దాటినంక అడిగిండు:
"ఏమన్నా అన్నదా?"
"టైమడిగింది" అన్న.

సిద్దిపేటల చాయ కాడికి పొద్దెక్కింది.
మూట విప్పి నాకింత ఇరిసిచ్చిండు.
నువ్వులు, పల్లీలు, కారం జర ఎక్వ.
చేతి వాచి ఇంకా మస్కట్ల ఉంది.
"తిప్పుకోవా?" అన్న.
"ఉండనీ. ఆమె దిగనీ."

ఇంటి ముంగట పైసలు తీస్తుంటె
ఏ లెక్కన పట్టాల్నో సమజ్ కాలే.
పోను ఒకలు, రాను ఒకలు, ఇల్లు ఒక్కటి.
డీజిల్ మందం తీసుకున్న.

బస్టాండు కాడికొచ్చి ఎన్క సీటు దులుపబోతే
కిటికీ దిక్కు నువ్వులు రాలి ఉన్నయి.
రేపు కిరాయికి పోయే ముందు
కడుగుత తియ్.